ఇంగ్లీషు పదసంపద పెరగాలంటే అర్థాలు బట్టీ పట్టాలా, వాక్యాలు పోగుచేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంగ్లీషు వార్తలు, వ్యాసాలు చదివితే అర్థమవుతాయి. రాయబోతే మాత్రం గుడ్, బ్యాడ్, ఇంపార్టెంట్, వెరీ తప్ప మరో మాట తట్టదు. మూడు వేల పదాల జాబితా ఒకటి సంపాదించి రోజుకు ముప్పై చొప్పున అర్థాలు చదివారు. నెల తిరిగేసరికి మొదటి వారం పదాలు ఒక్కటీ గుర్తులేవు. ఇప్పుడు పదం, నిర్వచనం, ఉదాహరణ వాక్యం అనే పద్ధతిలో మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నారు. టెనేషియస్ అన్న పదానికి రాసిన వాక్యం ఒకటి నమూనాగా పంపారు. రోజుకు ఎన్ని పదాలు, ఎక్కడి నుంచి తీసుకోవాలి, తెలుగు అర్థం రాసుకోవచ్చా, యాప్ మంచిదా నోటుబుక్కు మంచిదా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. రోజుకు ఐదు పదాలు చాలు. అవి జాబితాలోంచి కాకుండా మీరు చదివినవాటిలోంచి రావాలి. నిర్వచనం ఒక్క ముక్కలో ముగించి, మీ శ్రమంతా ఉదాహరణ వాక్యం మీద పెట్టండి. ఆ పదం తీసేస్తే అక్కడ మరో పదం ఇమడకూడదు. అదే మంచి వాక్యానికి గుర్తు. పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం, వాళ్లు రాసినది దిద్దడం చాలా ఏళ్లుగా నా పని. పదసంపద నిజంగా పెరిగినవాళ్లలో ఎక్కువమంది జాబితాలు పూర్తిచేసినవాళ్లు కారు, వాక్యాలు పోగుచేసుకున్నవాళ్లు.

ముందు మీ జాబితా ఎందుకు ఫలించలేదో చూద్దాం. తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, వాటిని ఎంత వేగంగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగం మొదటి రోజులోనే జారిపోయేది. ఎడమవైపు తెలియని పదం, కుడివైపు రెండు ముక్కల అర్థం ఉండే జాబితా మెదడుకు దాదాపు అలాంటి అక్షరాల గుంపే. పట్టుకోవడానికి అందులో మనిషి లేడు, సంఘటన లేదు, పక్కన మరో మాట కూడా లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మీరు జాబితాను మళ్లీ మళ్లీ చదివారు తప్ప, అర్థాన్ని దాచి గుర్తుచేసుకోలేదు. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో కార్పికే, రోడిగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో చూపించారు. విద్యార్థులకు 40 స్వాహిలీ పదాలు ఇంగ్లీషు అర్థాలతో నేర్పారు. ఒకసారి సరిగ్గా చెప్పాక కూడా ఆ పదాల మీద పరీక్ష రాస్తూ పోయినవాళ్లు వారం తర్వాత సుమారు 80 శాతం గుర్తుంచుకున్నారు. ఒకసారి చెప్పాక పరీక్ష మానేసి చదవడం మాత్రమే కొనసాగించినవాళ్లకు దాదాపు మూడో వంతే మిగిలింది. అందుకే నోటుబుక్కు తెరిచి కళ్లతో పైనుంచి కిందికి జారిపోవడాన్ని నేను చదువు కింద లెక్కవేయను. చేత్తో మూసి, ఆలోచించి, ఆ తర్వాతే చేయి తీయండి.

ఇక అడ్వాన్స్‌డ్ పదాలంటే ఏవి? ఎవరికీ తెలియని అరుదైన మాటలని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో వేసిన లెక్క ప్రకారం మామూలు ఇంగ్లీషు పుస్తకంలో, పత్రికలో నూటికి 98 పదాలు తెలిసి ఉండాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలి. ఒక మూలపదం, దాని రూపాలు అన్నీ కలిపి ఒక కుటుంబం. వార్తలు అర్థమవుతున్నాయంటే మీరు మొదటి మూడు వేలు దాటే ఉంటారు. మీకు కావలసినది ఆ తర్వాతి మధ్య మేర. మీరు రోజూ చదివే వ్యాసాల్లో తిరిగే పదాలవే. నిఘంటువు అడుగున పడున్న వింత మాటలతో మీకిప్పుడు పని లేదు.

చదువుకు, పరిశోధనకు సంబంధించిన రాత మీ లక్ష్యమైతే ఒక్క జాబితాకు మాత్రం మినహాయింపు ఇస్తాను. న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. అందులో ఉన్నవి 570 కుటుంబాలే, కానీ విద్యా గ్రంథాల్లోని పదాల్లో దాదాపు పదో వంతు అవే ఉంటాయి. చూస్తే సగం తెలిసినవే అనిపిస్తాయి. వాటిని మీ వాక్యంలో తప్పు లేకుండా వాడగలరా అన్నది వేరే సంగతి.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని ఒక గని ఉంది. మీకు తెలుసనుకున్న పదాల రెండో అర్థాలు. శాంక్షన్ అంటే మంజూరు అని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అంతర్జాతీయ వార్తల్లో అదే పదం ఆంక్ష, శిక్షాచర్య. ఒకే పదం, దాదాపు ఎదురెదురు అర్థాలు. టేబుల్ క్రియగా వస్తే బ్రిటన్‌లో తీర్మానాన్ని చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను వాయిదా వేయడం. రెండు దేశాలవాళ్లున్న సమావేశంలో ఈ పదం వాడేముందు ఒక్క క్షణం ఆగాలి. నా దగ్గర చదువుకున్న ఒక అకౌంటెంట్ అమ్మాయి ఆడిట్ నివేదికలో క్వాలిఫైడ్ ఒపీనియన్ అన్న మాట చూసి, అర్హులైనవారు ఇచ్చిన గట్టి అభిప్రాయం అనుకుంది. అసలు సంగతి, ఆడిటర్‌కు కొన్ని అభ్యంతరాలున్నాయనీ, వాటిని మినహాయించి మిగతావి సరేనంటున్నాడనీ. అక్కడ క్వాలిఫై అంటే పరిమితం చేయడం, షరతు జోడించడం. అదే నివేదికలో మెటీరియల్ అన్నది ముడిసరుకు కాదు, చదివేవాడి నిర్ణయాన్ని మార్చగలిగేంత ముఖ్యమైనది అని అర్థం. ఆ తర్వాత ఆమె కొత్త పదాల వేట మానేసి, తన వృత్తి పత్రాల్లో తెలిసిన పదం తెలియని అర్థంలో ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీయడం మొదలుపెట్టింది. కొన్ని నెలల్లో ఆమె రాత తీరే మారింది. ఒక్క అరుదైన పదం చేరకుండానే.

ఇప్పుడు అసలు పని, ఒక పదాన్ని ఎలా రాసుకోవాలో. మిటిగేట్‌ను తీసుకుందాం. తెలుగు నిఘంటువు చూస్తే తగ్గించు, ఉపశమింపజేయు అని ఉంటుంది. తగ్గించు అని రాసుకున్నారో, రేపు ధరను, బరువును, ఫ్యాను వేగాన్ని కూడా మిటిగేట్ చేసేస్తారు. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. మన తగ్గించు అన్న ఒక్క మాట చేసే పనిని అక్కడ చాలా పదాలు పంచుకున్నాయి. మిటిగేట్ వెంట వచ్చేవి రిస్క్, ఇంపాక్ట్, డ్యామేజ్ లాంటివి. నష్టం ఉంటుంది, దాని తీవ్రతను తగ్గిస్తున్నాం. అలీవియేట్ వెంట పెయిన్, సఫరింగ్, పావర్టీ వస్తాయి. బాధపడేవాళ్లకు ఊరట కలుగుతోంది. కర్టెయిల్ వెంట ఫ్రీడమ్, పవర్స్, స్పెండింగ్ వస్తాయి. ఉన్నదానికి కత్తెర పడుతోంది. ధర విషయంలో రెడ్యూస్, కట్, లోయర్ చాలు.

కాబట్టి నా నోటుబుక్కులో మిటిగేట్ పక్కన నిర్వచనం ఇలా ఉంటుంది: నష్టం లేదా ముప్పు తీవ్రతను తగ్గించడం. తర్వాత దాని వెంట తిరిగే మూడు మాటలు. తర్వాత చదువుతుండగా దొరికిన వాక్యం ఒకటి, నేను కట్టిన వాక్యం ఒకటి. అంతే. బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ 1957లోనే చెప్పినట్టు, ఒక పదం ఎలాంటిదో దాని సావాసం చూసి తెలుసుకోవాలి. ఆ మూడు మాటల వరుసను మాత్రం ఎప్పుడూ వదలకండి. మనవాళ్ల రాతలో నేను దిద్దే తప్పుల్లో చాలావరకు అర్థం తెలియక చేసినవి కావు, సావాసం తెలియక చేసినవి.

నిర్వచనం కోసం నేటివ్ స్పీకర్ల కోసం చేసిన లావుపాటి నిఘంటువులు చూడకండి. అవి తెలియని పదాన్ని మరో తెలియని పదంతో వివరిస్తాయి. నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన నిఘంటువులు వేరుగా ఉన్నాయి. లాంగ్‌మన్ 1978లో తెచ్చినది దాదాపు రెండు వేల తేలిక పదాలతోనే అన్ని అర్థాలనూ వివరించింది. 1987లో వచ్చిన కాలిన్స్ కోబిల్డ్ ఇంకో అడుగు ముందుకేసి, నిర్వచనాన్నే పూర్తి వాక్యంగా రాసింది. మీరు ఫలానా దాన్ని ఫలానా చేస్తే ఇలా అవుతుంది అన్న తరహాలో. అందువల్ల ఆ క్రియకు కర్త ఎవరు, కర్మ ఏమిటి అన్నది నిర్వచనంలోనే తెలిసిపోతుంది. నాకు ఈ పద్ధతే ఇష్టం. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు.

ఉదాహరణ వాక్యం దగ్గర ఎక్కువమంది కాళ్లు తడబడతాయి. వాక్యాలను ఇక్కడ తెలుగులో చెబుతున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషులోనే రాసుకోండి. టెనేషియస్ అన్న పదానికి మీరు ఇచ్చిన వాక్యం: అతను టెనేషియస్ మనిషి. వ్యాకరణం సరిగ్గానే ఉంది, కానీ ఆ ఖాళీలో పొడుగు, సోమరి, మంచి, ధనిక, ఏదైనా కూర్చుంటుంది. ఆ వాక్యం మీకేమీ నేర్పదు. ఇప్పుడు ఇది చూడండి: న్యాయవాదులు ఓటమి ఖాయమన్నా, పత్రాలు దొరకవని అధికారులు తిప్పిపంపినా, ఆ టెనేషియస్ విలేఖరి ఏళ్ల తరబడి వెంటపడి నిజం బయటపెట్టింది. పదాన్ని వేలితో మూయండి. పట్టువదలని అన్న భావం తప్ప మరోటి అక్కడ ఇమడదు. ఈ వేలి పరీక్షలో నెగ్గని వాక్యాన్ని నోటుబుక్కులోకి రానివ్వకండి.

చదివినదాంట్లో దొరికిన వాక్యం ముందు, సొంత వాక్యం తర్వాత. ఈ వరుస మార్చవద్దు. పదాన్ని ఒక్కసారి కూడా సహజ వాక్యంలో చూడకుండా సొంతంగా కడితే తెలుగు వాక్యానికి ఇంగ్లీషు తొడుగు వేసినట్టుంటుంది. సొంత వాక్యంలో మాత్రం మీకు నిజంగా తెలిసిన మనుషులను, మీ ఆఫీసును, మీ చిరాకులను పెట్టండి. ఇంట్లోవాళ్ల మీద రాసిన కొంటె వాక్యాలు అన్నిటికంటే బాగా గుర్తుంటాయి. ఎవరికీ చూపించాల్సిన పని లేదు కదా.

మీరు కట్టిన జంట సరైనదా కాదా అన్న అనుమానం వస్తే కోకా అనే అమెరికన్ ఇంగ్లీషు భాండాగారం ఉంది. వంద కోట్లకు పైగా పదాల నిజమైన రాత, మాట అందులో ఉన్నాయి. మిటిగేట్ తర్వాత ఏ నామవాచకాలు ఎక్కువగా వస్తాయో అడిగితే చూపిస్తుంది. అంత ఓపిక లేకపోతే మీ జంటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పేరున్న ఇంగ్లీషు పత్రికల వెబ్‌సైట్లలో వెతకండి. ఎక్కడా కనిపించకపోతే దాన్ని వదిలేయడమే క్షేమం.

తెలుగు అర్థం రాసుకోవచ్చా అని అడిగారు. నిస్సంకోచంగా రాసుకోండి. అన్నీ ఇంగ్లీషులోనే ఆలోచించాలన్న ఉపదేశం నాకు ఎక్కదు. తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఉంటే అది పది ఇంగ్లీషు ముక్కల నిర్వచనం కంటే బాగా పనిచేస్తుంది. ఫ్రుగల్ పొదుపరి, స్టింజీ పిసినారి. ఇద్దరూ డబ్బు ఖర్చుపెట్టరు, కానీ మొదటిది మెచ్చుకోలు, రెండోది తిట్టు. ఆ తేడా తెలుగులో చెబితే క్షణంలో ఎక్కుతుంది. కండోన్ అంటే తప్పని తెలిసీ చూసీ చూడనట్టు ఊరుకోవడం. నోటోరియస్ సంగతీ అంతే. ఉద్యోగ దరఖాస్తులో ఒక కుర్రాడు తాను కష్టపడి పనిచేయడంలో నోటోరియస్ అని రాసుకొచ్చాడు. అతని జాబితాలో దాని అర్థం ప్రసిద్ధి చెందిన అని ఉంది. పేరుమోసిన అని ఉండి ఉంటే ఆ వాక్యం రాసేవాడు కాదు. పేరుమోసిన దొంగ అంటాం కానీ పేరుమోసిన గురువుగారు అనం కదా.

తెలుగు మాట చాలా విశాలమైనప్పుడే చిక్కు, ఇందాకటి తగ్గించు లాగా. మరో చిక్కు తెలుగులోకి వచ్చి రంగు మార్చుకున్న ఇంగ్లీషు మాటలతో. ఫీలయ్యాడు అంటే మనకు నొచ్చుకున్నాడని, డౌటు అడగడం అంటే తెలియనిది అడగడమని. ఇంగ్లీషులో డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. పై అధికారికి మీ నివేదిక మీద నాకు డౌట్స్ ఉన్నాయని ఇంగ్లీషులో రాస్తే, ఆయన దాన్ని వివరణ కోరడంగా తీసుకోడు, తన లెక్కలనే శంకిస్తున్నారనుకుంటాడు. ఇలాంటి పదాలకు మీ నోటుబుక్కు చివర ఒక పేజీ కేటాయించండి. పదిహేను, ఇరవై దొరికితే చాలు, మీ రాతలో పెద్ద మార్పు కనిపిస్తుంది.

రోజుకు ఐదే ఎందుకంటే, కొత్త పదం చేర్చుకోవడం అప్పు తెచ్చుకోవడం లాంటిది. వడ్డీ పునశ్చరణ రూపంలో కట్టాలి. ఈరోజు చేర్చిన పదం రేపు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు, నెలకు తిరిగి వస్తుంది. రోజుకు ముప్పై చేరిస్తే కొద్ది వారాల్లో పాతవాటికే గంటలు పడతాయి. అక్కడే మనుషులు మానేస్తారు. ఐదు చొప్పున ఏడాదిలో మూడు వందల రోజులు చేస్తే పదిహేను వందల పదాలు. వాక్యాలతో సహా నిలిచే పదిహేను వందలు తక్కువేమీ కాదు.

యాప్, నోటుబుక్కుల్లో ఏదైనా ఫర్వాలేదు. అంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్ (ఐఫోన్‌లో తప్ప ఉచితం) ఈ విరామాలను తానే లెక్కగడుతుంది. కానీ అందులో రోజుకు ఇరవై కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది. మొదటి రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఐదుకు దించండి. ఇతరులు తయారుచేసిన కార్డుల కట్టలు దించుకోకండి, అది మళ్లీ జాబితానే. కార్డు ముందువైపు పదం కాదు, ఆ పదం స్థానంలో ఖాళీ ఉన్న మీ వాక్యం పెట్టండి. వెనుకవైపు పదం, నిర్వచనం. అప్పుడు రాసేటప్పుడు జరిగే పనే రోజూ సాధన అవుతుంది. భావం నుంచి పదానికి వెళ్లడం. పదం చూసి అర్థం చెప్పడం చదవడానికి పనికొస్తుంది. మీ ఇబ్బంది రాయడంలో ఉంది కాబట్టి కార్డు తిరగేయక తప్పదు.

అన్ని పదాలకూ ఇంత సేవ అక్కర్లేదు. చదివినప్పుడు గుర్తుపడితే చాలు అనదగ్గవి ఎక్కువ, మీ చేతుల మీదుగా రాయవలసినవి తక్కువ. ఎక్కడ చూసినా ఉండే అని చెప్పే యుబిక్విటస్ ఎదురైతే గుర్తుపట్టండి, ఉత్తరాల్లో పెట్టకండి. పదిలో రెండుమూడు మాత్రమే రాతకు ఎంచుకుని వాటినే ఆ వారం మీ మెయిళ్లలో, నోట్సులో వాడండి. యూజ్ సరిపోయేచోట యుటిలైజ్ రాసేవాళ్లను చూస్తే నా ఎర్ర కలం ఆగదు.

ఒకేలాంటి పదాలను ఒకే రోజు నేర్చుకోకండి. పర్యాయపదాల పట్టికలు, విలోమ పదాల జంటలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ దగ్గరి అర్థాలున్న కొత్త పదాలను గుంపుగా నేర్చుకుంటే ఒకదానితో ఒకటి కలగలిసిపోతాయని టింకమ్ అనే పరిశోధకుడు 1993లో చేసిన ప్రయోగాల్లో తేలింది. తరగతి గదిలో నేనూ అదే చూస్తుంటాను. రెటిసెంట్ అంటే మితభాషి, రిలక్టెంట్ అంటే అయిష్టంగా ఉన్నవాడు. రెండూ ఒకే పూట చెబితే మరునాటికి తారుమారు. మిటిగేట్ కుదురుకున్నాకే అలీవియేట్ జోలికి వెళ్లండి.

లాటిన్, గ్రీకు ధాతువుల గురించి ఒక్క మాట. బెనె అంటే మంచి, మాల్ అంటే చెడు, స్పెక్ట్ అంటే చూడటం. తెలిసిన పదాన్ని గుర్తుంచుకోవడానికి ఇవి బాగా ఉపయోగపడతాయి. తెలియని పదాన్ని ఊహించడానికి మాత్రం నమ్మకండి. ముందు ఇన్ ఉంటే లేదు అని అర్థమనుకుంటే ఇన్‌ఫ్లేమబుల్ అని రాసిన డబ్బా పక్కన అగ్గిపుల్ల గీస్తారు. దాని అర్థం సులభంగా మండేది అని.

పోటీ పరీక్ష మనసులో ఉంటే ఇది గమనించండి. జీఆర్‌ఈలో విడి పదాలకు వ్యతిరేకార్థాలు అడిగే ప్రశ్నలు 2011 ఆగస్టులోనే పోయాయి. ఇప్పుడు పదాలకు సంబంధించిన ప్రశ్నలన్నీ వాక్యంలో ఖాళీలు నింపేవే. పేరాలోని పదం అడిగినా, ఆ సందర్భంలో దాని అర్థమే అడుగుతారు. పైన చెప్పిన ఖాళీ కార్డులే మీకు నమూనా ప్రశ్నలు.

చివరగా ఉచ్చారణ. ప్రతి పదాన్నీ ఆన్‌లైన్ నిఘంటువులో ఒకసారి వినండి, విన్నది తెలుగు లిపిలో పక్కన రాసుకోండి. చాలా పదాలకు ఈ మాత్రం చాలు. అది ఎపిటోమ్ కాదు, ఎపిటమీ. హైపర్‌బోల్ కాదు, హైపర్బలీ. సటిల్‌లో బి పలకదు. ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో దానికింద చిన్న గీత గీయండి. మన లిపి ఊనికను చూపించదు కాబట్టి ఆ గీత లేకపోతే పదాన్ని సరిగ్గా రాసుకున్నా ఫోనులో అవతలివాళ్లు మళ్లీ చెప్పమంటారు.